నల్ల బంపర్ మీద తెల్ల గీత: ఇంటి వైద్యం

కారుకి రంగు వేసిన చోట గీత పడితే పెయింటరు చూసుకుంటాడు. రంగు వెయ్యని నల్ల ప్లాస్టిక్ మీద పడితే మాత్రం యజమానే చూసుకోవాలి. బంపర్ కింది అంచు, చక్రాల పైన కమాను, తలుపుల కింద క్లాడింగ్, పక్క అద్దాల మొదళ్లు, వైపర్ల దగ్గరి జాలీ, వీటిని కంపెనీవాడు నల్లగా, గరుగ్గా వదిలేశాడంటే అర్థం ఏమిటి? మిగతా పని మనల్ని పూర్తి చేసుకోమన్నాడని. ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల ఆ పని శ్రద్ధగా చేస్తున్నవాళ్ల కార్లు చూసి, వాళ్ల పద్ధతులన్నీ ఒకచోట చేర్చి ఈ సలహాలు రాస్తున్నాను. వీటిని పాటించినవాళ్లెవరూ మళ్లీ సన్నగీత గురించి బెంగపడలేదు. బెంగపడటానికి వాళ్లకి అంతకన్నా పెద్దవి దొరికాయి.

ముందు సిద్ధాంతం వంటబట్టించుకోవాలి. గీత ఎందుకు కనపడుతుంది? చుట్టుపక్కల బాగుంది కాబట్టి. గీతని బాగుచెయ్యడం కష్టం. చుట్టుపక్కల ఉన్నదాన్ని గీత స్థాయికి దించడం తేలిక. కింద చెప్పిన చిట్కాలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

మా బావమరిది కూతురు తాడేపల్లిగూడెం నిట్‌లో మెటలర్జీ, మెటీరియల్స్ చదువుతోంది. ఈ సిద్ధాంతం చెప్పగానే ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, "మావయ్యా, అది పాలీప్రొపిలీన్" అంది. అదేదో నా వాదానికి జవాబైనట్టు! తర్వాత వివరంగానే చెప్పింది. ఆ నలుపు పైన పూసింది కాదట, లోపలిదాకా అదేనట. ప్లాస్టిక్‌లో కొంచెం రబ్బరు, టాల్కు రాతిపొడి, కార్బన్ బ్లాక్ కలిపి అచ్చు పోస్తారట. పైన కనపడే గరుకు అచ్చులోంచి వచ్చిందేనట. ఏదైనా గీరుకున్నప్పుడు ఆ గరుకు నలిగి చదునవుతుంది, కొంచెం టాల్కు కూడా బయటపడుతుంది, అక్కడ పడ్డ వెలుతురు వేరేగా తిరిగొస్తుంది, అందుకే తెల్లగా కనపడుతుంది. పాలిష్ పనిచేసేది నున్నటి ఉపరితలం మీద. ఎత్తుపల్లాలని అరగదీసి సమం చెయ్యడమే దాని పని. ఎత్తుపల్లాలే అందంగా పెట్టుకున్న చోట అది ఏం చేస్తుంది, గరుకుని కూడా తినేస్తుంది అంది. 1954లో ఇటలీలో జూలియో నట్టా ఈ పాలీప్రొపిలీన్ చేశాడనీ, 1963లో ఆయనకీ జర్మనీ ఆయన జీగ్లర్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారనీ కూడా చెప్పింది. నోబెల్ వచ్చిన సరుకుని సైతం మన గిన్నెల పీచు ఓడించగలదని ఆ పిల్లకి ఇంకా తెలియదు.

గీతలు దొరికే చోట్లు

గీతల కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఏ కాలానికి తగ్గవి ఆ కాలంలో వాటంతట అవే వస్తాయి.

ఈ విషయంలో తాడేపల్లిగూడెం వైపు వాళ్లది అదృష్టం. రైస్ మిల్లుల్లో ధాన్యం ఉడకబెట్టడానికీ ఆరబెట్టడానికీ బాయిలర్లలో ఊకే కాలుస్తారు. ధాన్యం బరువులో ఇంచుమించు అయిదో వంతు ఊక. ఆ ఊక కాలితే మళ్లీ అందులో ఇంచుమించు అయిదో వంతు బూడిద. గాలి మన వైపు తిరిగిన రాత్రి, తెల్లారేసరికి డాబా మీద ఆరేసిన దుప్పటి మీదా, గేటు లోపల పెట్టిన కారు మీదా అది పల్చగా పరుచుకుని ఉంటుంది. ఊక బూడిదలో 100కి 85 పాళ్ల పైచిలుకు సిలికాయే. ఇసుకలో ఉండే సరుకే అది. వరి మొక్క నేలలోంచి వేళ్లతో పీల్చుకుని గింజ పైపొట్టులో దాచుకుంటుంది. అంటే అరగదీసే పొడి, మెత్తగా, ఉచితంగా, మన గుమ్మం దాకా వచ్చి పడుతోందన్నమాట. డబ్బు పోసి రబ్బింగ్ కాంపౌండ్ డబ్బాలు కొనేవాళ్లని చూస్తే నాకు జాలి.

వాడే విధానం ఇది. పొద్దున్నే, కాఫీ తాగకముందే, పొడి గుడ్డ తీసుకుని ఆ బూడిద మీద అదిమిపెట్టి గుండ్రంగా తిప్పండి. నీళ్లు మాత్రం పొయ్యకండి. పోస్తే బూడిదంతా కొట్టుకుపోతుంది, గుడ్డకి పనేమీ మిగలదు. తలుపుల మధ్య నిలువు స్తంభం మీద నిగనిగలాడే నల్ల పలక ఉంటుంది చూశారూ, దాని మీద ఈ పద్ధతి వెంటనే ఫలిస్తుంది. ఎండలో నిలబడి చూస్తే సన్నటి వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనపడతాయి. రోజూ చేస్తే పక్షం తిరక్కుండానే ఏది కొత్త గీతో ఏది పాతదో ఎవరూ చెప్పలేరు.

కొల్లేరు వైపు గీతలు వేరు జాతి. లోపలి ఊళ్లకి చాలాచోట్ల చెరువుగట్లే దారి. ఇటు చెరువు, అటు కాలవ, రెండంచులా సర్కారు తుమ్మ. ఎదురుగా ఐసు వేసిన చేపల లోడుతో లారీ వస్తుంది. లారీవాడు హౌరా దాకా పోవాలి. మీరు బావగారింట్లో భోజనానికి పోవాలి. కాబట్టి పక్కకి తప్పుకోవాల్సింది మీరే. తుమ్మలోకి వాల్చి ఆపారంటే, ఆ ముల్లు ముందు తలుపు క్లాడింగ్ దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం కమాను దాకా చెయ్యెత్తకుండా గీస్తుంది. కొల్లేరు అభయారణ్యం హద్దైన అయిదో కాంటూరు ఎక్కడిదాకా, దాన్ని మూడుకి కుదించాలా వద్దా అన్నది 2006లో చెరువుగట్లు కొట్టించినప్పటి నుంచీ తేలని గొడవే. కారు మీద ఈ గీత ఎక్కడిదాకా అన్న దాంట్లో మాత్రం ఏ పార్టీ వాళ్లకీ అనుమానం ఉండదు.

వరదలప్పుడు ఏలూరు, కైకలూరు రోడ్డు మీదికి చినఎడ్లగాడి దగ్గర నీళ్లొస్తాయి. తప్పనిసరై అందులోంచి నడిపితే క్లాడింగ్ నిండా నల్లరేగడి బురద మిగులుతుంది. తడిగా ఉండగా కడగడం దండగ. బాగా ఎండి పెచ్చులు కట్టేదాకా ఆగి, అప్పుడు గోకండి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే కార్లకి ఇవన్నీ మూడు రోజుల్లో ఒకేసారి అందుతాయి. కోడిపందెం బరి దగ్గర కోసిన చేలోనే పార్కింగ్. వరి కొయ్యకాళ్లు బంపర్ కింది అంచు పని చూస్తాయి. వాటిలోనూ సిలికా ఉంది, వరి కదా. బరి చుట్టూ ఖాళీ లేక వెనక్కొచ్చిన పెద్దమనుషులు బెల్టు బకిల్సుతో సహా మన కారుకే ఆనుకుంటారు. పిల్లలు డిక్కీ కింద నల్ల పలక మీద పేరుకున్న దుమ్ములో వేలితో పేర్లు రాస్తారు. కడిగాక కూడా ఆ పేర్లు చదువుకోవచ్చు. బంధువుల పిల్లలు ఎంతమందో, ఎవరికి తెలుగు రాయడం వచ్చో, ఎవరికి ఇంగ్లీషు మాత్రమే వచ్చో కారు చూసి చెప్పొచ్చు.

కొత్త కారైతే ద్వారకా తిరుమల వెళ్లి పూజ చేయించడం ఈ పక్క ఉన్నదే. ఇక్కడో చిన్న జాగ్రత్త. పసుపు, కుంకుమ బొట్లు గరుకు ప్లాస్టిక్ మీదే పెట్టించండి. అయ్యవారు అలవాటు కొద్దీ బానెట్ మీద పెట్టబోతే వినయంగా వారించండి. పసుపు ఎండకి వెలిసిపోయే రంగు, దాన్ని నమ్ముకోలేం. కుంకుమ మాత్రం గరుకు సందుల్లోకి దిగి స్థిరపడుతుంది. తర్వాత దాన్ని తియ్యడానికి ఇనుప పీచు అవసరం పడుతుంది. అక్కడి నుంచీ ఈ సలహాలన్నీ మీకు వరసగా పనికొస్తాయి.

గుడ్డ ఎంపిక

పట్నంలో మైక్రోఫైబర్ గుడ్డ అని ఒకటి అమ్ముతారు. దాని పోగులు దుమ్ముని లోపలికి లాక్కుంటాయట, ప్లాస్టిక్ మీద ఈడ్చవట. మనకి కావలసింది ఈడ్చడం. జూట్ మిల్లుకి పేరుపడ్డ ఏలూరులో పుట్టి గోనెపట్టా ఉండగా ఇంకో గుడ్డ ముట్టుకోవడం ఊరికే అవమానం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్తే ఖాళీ సంచులు చవగ్గా దొరుకుతాయి. అడుగున మట్టి ఉన్న సంచి ఏరుకోండి. దులపకండి.

ఏలూరు తివాచీ ముక్క వాడొచ్చా అని ఒకాయన అడిగారు. కూడదు. అది ఉన్ని, మెత్తన.

వాటర్ సర్వీసింగ్‌కి వెళ్తే కుర్రాళ్లు ముందు నీళ్లు కొట్టి, షాంపూ నురగ పెట్టి, కాసేపు వదిలి, మళ్లీ నీళ్లు కొడతారు. ఆ వరస చెడగొట్టాలి. చక్రాలు తుడిచిన గుడ్డతోనే క్లాడింగ్ కూడా తుడవమనండి, ఒకే బకెట్ వాడమనండి. బ్రేకుల దగ్గర రాలిన ఇనప రజను చక్రాలకి ఉంటుంది, ఆ గుడ్డలో అది ఉచితంగా వస్తుంది. బకెట్లు రెండు పెట్టి, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించుకునే నీళ్లు ఉంచే కుర్రాడు కనపడితే ఆ షెడ్డుకి మళ్లీ వెళ్లకండి. ఆక్వా చెరువులున్న చోట బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, కడిగాక తుడవకుండా ఎండలో వదిలేస్తే చుక్క చుక్కకీ ఒక తెల్ల మచ్చ మిగులుతుంది. ఆ మచ్చల మధ్య గీత వెతకడం ఎవరి తరం?

మందులు

టూత్‌పేస్టు అందరికీ తెలిసినదే. దాంట్లో ఉండేది సుద్దపొడి గానీ సిలికా గానీ. పంటి మీది పాచి తియ్యడానికి చేసినది. పన్ను ఈ ప్లాస్టిక్ కన్నా ఎంతో గట్టిది కాబట్టి పన్ను తట్టుకుంటుంది. ప్లాస్టిక్ తట్టుకోదు, అదే మనకి కావలసింది. పూసి, ఆరనిచ్చి, గోనెతో రుద్దండి. పేస్టు గరుకు సందుల్లోకి వెళ్లి తెల్లగా గట్టిపడుతుంది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి చూడండి. గీత ఎక్కడ? కనపడదు. మొత్తం క్లాడింగే తెల్లగా ఉంది. సిద్ధాంతం నెగ్గిందా లేదా? షెడ్డు కుర్రాళ్లు కారంతా మైనం పూస్తూ, ఆ ఊపులో నల్ల ప్లాస్టిక్ మీదికి కూడా వచ్చేస్తే ఫలితం ఇదే. మా బావమరిది కూతురైతే మెత్తటి బ్రష్షు, సబ్బునీళ్లు పట్టుకుని ఓపిగ్గా ఒక్కొక్క సందూ కడగమంటుంది. ఆ ఓపికే ఉంటే మొదట టూత్‌పేస్టు దాకా ఎందుకు వస్తాం?

కొబ్బరినూనె పూస్తే ఆ పూటకి నలుపు తిరిగొస్తుంది. ఫొటో దిగాలంటే అప్పుడే దిగాలి. సాయంత్రానికి గూడెం ఊక బూడిద, ఏలూరు బైపాస్ దుమ్ము అన్నీ వచ్చి దాని మీద కూర్చుంటాయి. అసలు విశేషం చలికాలంలో ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కన్నా చల్లబడితే పేరుకుంటుంది. సంక్రాంతి తెల్లారుజామున మన పక్క అంతకన్నా చల్లగానే ఉంటుంది. భోగిమంట దగ్గర అందరూ చేరాక, ముగ్గుల మధ్య నిలబెట్టిన మీ కారు బంపర్ తెల్లగా, జిడ్డుగా కనపడి అందరూ ఆగి అడుగుతారు.

బూట్ పాలిష్ మీద కొందరికి గురి ఎక్కువ. నల్లరంగు, మైనం రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి కదా అని. నిజమే, పూసిన రోజు గీత కనపడదు. అయితే దీన్ని పెళ్లివారి కారుకి వాడటం మరిచిపోకండి. తలుపు తెరిచి దిగుతున్న పెళ్లికొడుకు పంచె అంచు, ఆడపడుచు పట్టుచీర కుచ్చిళ్లు క్లాడింగ్‌కి తగలకుండా ఎటూ పోవు. వానొస్తే మిగిలిన నలుపు తలుపు రంగు మీదుగా కిందికి జారి, ఆరాక చారలు కడుతుంది. తెల్ల కారున్నవాళ్లకి ఇది మరీ బాగా కుదురుతుంది.

కాలిన ఇంజిన్ ఆయిల్ పాతకాలపు మందు. లారీ టైర్లకీ, చెక్క బాడీలకీ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది పెట్టిన చోట పిల్లలు ఆనుకోరు, పెద్దమనుషులు కూడా ఆనుకోరు, అదొక లాభం. ప్లాస్టిక్‌లో కలిపిన రబ్బరు నూనెకి ఉబ్బుతుందని మా బావమరిది కూతురు అంటోంది. ఉబ్బితే గీత పూడిపోదా అని అడిగితే మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. వాదంలో నెగ్గడం అంటే ఇదే.

థిన్నర్ గురించి రెండు ముక్కలు. గరుకు ప్లాస్టిక్‌కి అది పెద్దగా ఏమీ చెయ్యలేదు, పాలీప్రొపిలీన్ మొండి ఘటం. కాబట్టి నిగనిగలాడే పలకల మీద వాడండి. అవి ఎక్కువగా ఏబీఎస్‌తోనో, యాక్రిలిక్‌తోనో చేసినవి. ముట్టుకోగానే మెత్తబడి, గుడ్డ నూలు అచ్చు కూడా తీసుకుంటాయి. ఏ కారు ఎవరిదో గుర్తుపట్టడానికి వేలిముద్ర పడినా మంచిదే.

వేడి

ఏలూరు ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రీ ఉన్నాడు. ఆయన దగ్గరికి ఈ సమస్యతో వెళ్లినవాళ్లకి చాలా నిరుత్సాహకరమైన మనిషి. ముందు సబ్బునీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిస్తాడు. చెయ్యితో తడిమి చూస్తాడు. గోరు ఇరుక్కునేంత లోతుంటే, "ఇది పోదండి, అలా వదిలెయ్యండి" అంటాడు. పైపైదైతే హీట్ గన్ తీసి, జానెడు దూరం నుంచి, ఒక్కచోట ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తాడు. నలిగిన గరుకు వేడికి కొంచెం సడలి మళ్లీ లేస్తుందట. నలుపు తేరగానే గన్ను పక్కన పెట్టేస్తాడు. చల్లారాక నల్ల డ్రెస్సింగ్ స్పాంజితో పల్చగా ఒక పూత, ఆరాక మళ్లీ పల్చగా ఇంకో పూత, మిగిలింది పొడి గుడ్డతో అద్దుతాడు. "నిలబడి చూస్తే కనపడదండి. కూర్చుని చూస్తే కనపడుద్ది. కూర్చుని చూడకండి" అని డబ్బు తీసుకుంటాడు. అది కూడా తక్కువ తీసుకుంటాడు. పనీ తక్కువ, డబ్బూ తక్కువ. ఇలాంటివాణ్ణి నమ్మొచ్చా?

మీరు ఇంట్లోనే ఇస్త్రీపెట్టె వాడండి. చీర మడత పోగొట్టేది ప్లాస్టిక్ మీద గీత పోగొట్టదా? పాలీప్రొపిలీన్ ఇంచుమించు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇస్త్రీపెట్టె మీద కాటన్ గుర్తు దగ్గరికి తిప్పితే 200 డిగ్రీల చుట్టుపక్కలకి వెళ్తుంది. అంటే చాలినంత ఉందన్నమాట. ఒకచోట పెట్టి, పదిదాకా లెక్కపెట్టి, తియ్యండి. గీత ఉండదు. గరుకూ ఉండదు. ఆ చోటంతా నున్నగా, మెరుస్తూ, పెట్టె మొన ఆకారంలో ఉంటుంది. పెట్టె అడుగున అంటుకున్న నల్లటిది తర్వాత ఎవరి తెల్లచొక్కా మీదికి వెళ్తుందన్నది ఇంట్లోవాళ్లు చూసుకుంటారు.

కరెంటు లేని చోట సూర్యుడున్నాడు. కార్బన్ బ్లాక్ కలపడంలో ఒక ఉద్దేశం అతినీలలోహిత కిరణాలని అడ్డుకోవడమేనట. అయినా ఏళ్ల తరబడి ఎండ తగిలితే పై పొర విరిగి బూడిదరంగు తేలుతుంది. నీడలో పెట్టే అలవాటున్నవాళ్లు ఈ మేలు పోగొట్టుకుంటున్నారు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం అలాంటి చోటికి తీసుకెళ్లి ఉత్తరం వైపు తిప్పి ఆపండి. రోళ్లు పగిలే ఎండ అది, బంపర్ ఎంత? నాలుగైదు వేసవులు శ్రద్ధగా చేస్తే ప్లాస్టిక్ మొత్తం గీత రంగుకి వచ్చేస్తుంది. ఖర్చు సున్నా, ఓపిక మాత్రం కావాలి.

ఎండ సరిపోదనుకునేవాళ్లు చలికాలంలో కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు కారు చెట్టు కింద పెట్టండి. పెలికాన్ పెద్ద పక్షి, దాని రెట్ట కూడా అదే లెక్కలో ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు నీళ్లతో వదిలిపోతుంది కాబట్టి తొందరపడకండి. ఇంటికొచ్చాక, మర్నాడు, ఎండిన తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో తియ్యండి.

నిగనిగలాడే నలుపు

దీనికి మేస్త్రీ వాడే పద్ధతి ఇంకా నిస్సారం. బాగా కడిగిన తర్వాత చాలా సన్నటి ఫినిషింగ్ పాలిష్ ఒక చుక్క, మెత్తటి స్పాంజి, చెయ్యి బరువు ఎంతో అంతే ఒత్తిడి. మొత్తం మీద కాదు, గీత ఉన్న చోటే. మళ్లీ పడకుండా పైన పారదర్శకమైన ఫిల్మ్ అంటిస్తాడు. ఇంతే. ఇలా చేస్తే ఈ పలకలు కొత్తవాటిలా ఉండిపోతాయి, మనకి ఆదివారాలు ఏం చెయ్యాలో తోచదు.

మీరు హార్డ్‌వేర్ షాపులో 100 నంబరు వాటర్ పేపర్ అడగండి. షాపువాడు దేనికండి అంటాడు. కారు నల్ల ప్లాస్టిక్‌కి అంటే 2000 నంబరు ఇస్తాడు, సన్నది. తీసుకోకండి. నంబరు పెద్దదైతే పని పెద్దదని అమాయకులు అనుకుంటారు, ఇక్కడ తల్లకిందులు. 100తో, పొడిగా, ఎండలో, వేడెక్కిన పలక మీద రుద్దాలి. నీళ్లు తగిలిస్తే రజను కొట్టుకుపోయి పేపర్ పదును నిలబడుతుంది, చల్లగానూ ఉంటుంది, కాబట్టి నీళ్లొద్దు. పేరులో వాటర్ ఉందని మోసపోకండి. కాసేపటికి నిగనిగ పోయి సుద్దపలకలా అవుతుంది. అప్పుడు గరుకు క్లాడింగ్‌కీ దీనికీ తేడా ఉండదు, కారంతా ఒకే తీరుగా ఉంటుంది.

ఇవేవీ పారకపోతే బీర్బల్ పద్ధతి. గీతని ముట్టుకోకుండా చిన్నది చెయ్యమంటే పక్కన ఇంకో పొడుగు గీత గీశాడు కదా. బాద్‌షా దర్బారులో ఒప్పుకున్నది మన ఇంట్లో ఎందుకు ఒప్పుకోరు? చేపల లారీలు ఎక్కువగా తిరిగే సమయం కనుక్కుని గట్టు దారి పట్టండి. తిరిగొచ్చాక పాత సన్నగీతని చూపించమని ఇంట్లో ఎవర్నైనా అడగండి. దాన్ని ఎవరూ వెతకరు.

పార్టు మార్చేవాళ్లకి

ఇన్ని చేశాక కొందరు ధైర్యం చాలక కొత్త క్లాడింగ్ తెప్పించుకుంటారు. షోరూంలో ధర చెప్పేటప్పుడు పార్టు వేరు, క్లిప్పులు వేరు, బిగింపు కూలీ వేరు అంటారు. క్లిప్పులు అక్కర్లేదనండి, పాతవే ఉన్నాయి కదా. వాటిని తియ్యడానికి ప్లాస్టిక్ బద్దలు ఉంటాయి గాని ఇనప స్క్రూడ్రైవరే మేలు. తలుపు రంగుకీ క్లాడింగ్ అంచుకీ మధ్య దూర్చి తిప్పితే క్లిప్పు తల ఊడి చేతికొస్తుంది, మిగతాది రంధ్రంలో ఉండిపోతుంది. తలుపు రంగు మీద కూడా అర్ధచంద్రాకారంలో ఒక గుర్తు పడుతుంది. అది పెయింటర్ పని, దాని గురించి మొదటే చెప్పాను.

వెనక అంటించే డబుల్ టేప్ కింద పాత జిగురు, ఊక బూడిద అలాగే ఉంచి కొత్తది అదమండి. చివర్లు పట్టుకోకపోతే పురికొసతో కట్టి, ముడి లోపలి వైపుకి తిప్పండి. ఊళ్లో తిరిగినంత సేపూ ఏమీ తెలియదు. గుండుగొలను దాటి హైవే ఎక్కి ఎనభై తొక్కేసరికి మాత్రం క్లాడింగ్ తలుపుకేసి కొట్టుకుంటూ ధనధనమని చప్పట్లు మొదలుపెడుతుంది. ఇంత కష్టపడ్డాక ఆ మాత్రం మెచ్చుకోలు దక్కాలి. వినపడకుండా అద్దాలు పైకెత్తకండి.